ఎండకు చెడని టీకా

మన నెల్లూరు తీరంలో మైపాడు, ఇసకపల్లి, తుమ్మలపెంట వైపు పోయివచ్చిన వాళ్ళకి ఇసుకలో ఆరబోసిన చేపల వాసన కొత్తేమీ కాదు. వేట బాగా పడిన రోజున, అమ్ముడుపోగా మిగిలిన చేపను రెండు విధాలుగా దాచుకుంటారు. ఐసులో పెడతారు, లేకపోతే ఉప్పు రాసి ఎండబెడతారు. ఐసులో ఉన్నంతసేపూ పచ్చిచేప పచ్చిచేపగానే ఉంటుంది. ఐసు కరిగిందా, ఇక అంతే సంగతులు. ఎండుచేప నెలల తరబడి నిలవ ఉంటుంది గాని ఆ రుచి వేరు, ఆ కూర వేరు. ఈ రెండు పద్ధతులనూ కలిపి, ముందు గడ్డకట్టించి, ఆ గడ్డ కరగకుండానే అందులోని తేమనంతా లాగేసే పద్ధతి ఒకటుంది. దాన్నే ఫ్రీజ్ డ్రైయింగ్ అంటారు. చేపల సంగతి ఎలా ఉన్నా, మశూచి టీకాను మన ఎండల్లో బతికించింది ఈ పద్ధతే. ఆ కథ, దాని వెనకున్న యంత్రాల కథ ఇవాళ చెప్పుకుందాం.

మన పెద్దవాళ్ళు మశూచి అనేవారు కారు. ‘అమ్మవారు పోసింది’ అనేవారు. గుమ్మానికి వేపమండలు కట్టేవారు, ఇంట్లో తాళింపు మానేసేవారు, పోలేరమ్మకు మొక్కుకునేవారు. టీకాలు వేసేవాడు వీధి మలుపులో కనిపిస్తే పిల్లల్ని గాదె చాటున, గడ్డివామి చాటున దాచేసిన తల్లుల సంగతి మనందరం విన్నదే. ఈ మాట వచ్చినప్పుడల్లా చదువుకున్నవాళ్ళు ‘ఆడవాళ్ళ మూఢనమ్మకం’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నాకు ఆ తీర్పు న్యాయంగా కనిపించదు. ఎందుకో చెబుతాను.

ఇంగ్లండులో జెన్నర్ టీకా కనిపెట్టింది 1796లో. మన దేశంలో మొదటి టీకా 1802 జూన్‌లో బొంబాయిలో, అన్నా డస్ట్‌హాల్ అనే మూడేళ్ళ పాపకు వేశారు. ఆ కాలంలో టీకా మందు సీసాలో వచ్చేది కాదు. ఒక బిడ్డ చేతిమీద పొక్కు లేస్తే ఆ పొక్కులోని రసి తీసి మరో బిడ్డ చేతికి అంటించేవారు. బిడ్డ నుంచి బిడ్డకు, ఊరి నుంచి ఊరికి, అదే రవాణా. పొక్కు పచ్చిగా ఉన్న పసివాణ్ణి చంకనేసుకుని ఇంకో ఊరు పోయి, అక్కడ మళ్ళీ ఆ పుండును గుచ్చనివ్వాలంటే ఏ తల్లి ఒప్పుకుంటుంది చెప్పండి?

తరువాత దూడల చర్మం మీద మందును పెంచడం వచ్చింది. మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ 1905లో ప్రారంభమైంది. నెల్లూరు జిల్లా 1953 వరకూ మద్రాసు కిందే ఉండేది గదా, గిండీయే మనకు దగ్గర. నెల్లూరి నుంచి సుమారు 175 కిలోమీటర్లు. ఆ మందు గ్లిజరిన్‌లో కలిపిన ద్రవం. ఐసు మీద ఉంటే బాగుంటుంది, ఎండ తగిలితే కొద్ది రోజుల్లోనే సత్తువ పోతుంది. రైల్లో నెల్లూరు దాకా చల్లగానే వచ్చిందనుకోండి. అక్కడి నుంచి తీరపు పల్లెలకు ఎడ్లబండి మీదనో, బకింగ్‌హాం కాలువ మీద పడవలోనో చేరాలి. మన రోహిణీ కార్తె ఎండల్లో ఆ సీసా గతి ఏమవుతుంది? పైగా మశూచి ఎక్కువగా చెలరేగేది శివరాత్రి దాటాక, ఎండలు ముదిరే రోజుల్లోనే. మందు ఎప్పుడు కావాలో అప్పుడే అది పాడయ్యేది. అందుకే పాతకాలంలో టీకాల పని ఎక్కువగా చలికాలంలోనే పెట్టుకునేవారు.

చచ్చిన మందుతో వేసిన టీకా ‘పట్టదు’. చేతిమీద గాటు మిగులుతుంది, పొక్కు లేవదు, రక్షణా రాదు. ఆ తరువాత ఆ బిడ్డకే అమ్మవారు పోస్తే తల్లి ఏమనుకుంటుంది? ఈ సూదులవాళ్ళ మాట నమ్మకూడదు అనుకుంటుంది. కళ్ళతో చూసి నేర్చుకున్న పాఠమది. మందు ఎండకు చెడిందన్న సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. చాలాసార్లు వేసినవాడికే తెలియదు. అన్ని భయాలూ ఇలాంటివే అని నేను అనను. కాని లెక్కలోకి రావలసిన సంగతిది.

మరి ఎండబెట్టి పంపకూడదా అని ముందే కొందరికి తోచింది. జావాలో ఓటెన్ అనే డచ్చి శాస్త్రజ్ఞుడు 1920లలో ఎండు టీకా మందు చేసి పల్లెపల్లెకూ పంపాడు. గడ్డకట్టించి ఆరబెట్టే పద్ధతికి అమెరికాలో 1909లో షాకెల్ దారి చూపించాడు. 1930లలో ఫ్లాస్‌డార్ఫ్, మడ్ అనేవారు రక్తరసాన్ని అలా పొడిచేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడిన సైనికులకు ఆ పొడే నీళ్ళు కలిపి ఎక్కించారు. మశూచి టీకాకు ఆ పద్ధతిని లండన్ లిస్టర్ ఇన్‌స్టిట్యూట్‌లో కోలియర్ 1950ల మొదట్లో కుదిర్చాడు. మందులో పెప్టోన్ అనే పదార్థం కలిపి ఆరబెడితే, ఎండలో కూడా దాని సత్తువ నిలిచింది. తరువాత ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన పరీక్ష ఏమిటంటే, 37 డిగ్రీల వేడిలో నాలుగు వారాలు ఉంచినా మందు పనిచెయ్యాలి. మన ఊరి బండి ప్రయాణానికి అది చాలు.

ఇదెలా జరుగుతుందో మనకి ఇంట్లోనే తెలుసు. బట్టల పెట్టెలో వేసిన కలరా ఉండ కరిగి నీరు కాకుండానే రోజురోజుకూ చిక్కిపోతుంది గదా! మూత సరిగా లేకుండా ఫ్రీజరులో నెలల తరబడి ఉంచిన చేపముక్క తెల్లబడి, పీచులా ఎండిపోతుంది. మంచు నీరవకుండానే ఆవిరైపోయిందన్నమాట. యంత్రంలో దీన్ని పని గట్టుకుని చేస్తారు. మామూలు గాలి ఒత్తిడి 760 మిల్లీమీటర్ల పాదరసం. దాన్ని 4.6 మిల్లీమీటర్లకు కిందికి తెస్తే మంచు ఇక నీరుగా మారదు, సరాసరి ఆవిరవుతుంది. అసలు యంత్రాల్లో ఇంకా బాగా కిందికి దించుతారు. అందుకు వాక్యూం పంపు కావాలి. ఆ శూన్యంలో ఒక్క గ్రాము మంచు వేల లీటర్ల ఆవిరవుతుంది. పంపు అంత ఆవిరిని మింగలేదు. అందుకని దారిలో ఇంకా చల్లని గొట్టాల చుట్ట పెడతారు, అదే కండెన్సరు. ఆవిరి దానిమీద మళ్ళీ మంచుగా పేరుకుంటుంది.

ఇక్కడే అసలు కాపురం మొదలవుతుంది. ఈ యంత్రం కనిపెట్టినవాళ్ళ పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి. రోజూ దాన్ని తుడిచి, నూనె మార్చి నడిపినవాళ్ళ పేర్లు ఎక్కడా లేవు.

శూన్యం సరిగా రావడం లేదనుకోండి. మొదట చూడవలసింది తలుపు చుట్టూ ఉండే రబ్బరు గాస్కెట్. మన కుక్కరు లోపలి ఆవిరిని బయటికి పోనివ్వదు. ఇది బయటి గాలిని లోపలికి రానివ్వకూడదు. ఒక్క వెంట్రుక, ఒక్క గాజు పలుకు అడ్డం పడితే చాలు, గాలి చొరబడుతుంది. గాస్కెట్ బాగుంటే పెట్టెను ఖాళీ చేసి, పొడిగా తుడిచి, పంపు వైపు వాల్వు మూసి ముల్లును చూస్తూ కూర్చోవాలి. ముల్లు గబగబా పైకి ఎక్కితే ఎక్కడో కన్నం ఉంది. కదలకపోతే తప్పు పంపుదో, దాని గొట్టానిదో. లోపల మందు ఉండగా ఈ పరీక్ష చేస్తే ఆ ఆవిరికే ముల్లు ఎక్కుతుంది, లేని కన్నం కోసం రోజంతా వెతుక్కోవాలి.

పంపులో నూనె ఉంటుంది. ఆవిరి దాటి వచ్చి అందులో కలిస్తే నూనె మజ్జిగలా తెల్లబడుతుంది. అలాంటి నూనెతో పంపు తిరుగుతుంది, చప్పుడూ చేస్తుంది, శూన్యం మాత్రం రాదు. నూనె మార్చాల్సిందే. మళ్ళీ మళ్ళీ తెల్లబడుతుంటే తప్పు కండెన్సరుది. గొట్టాల మీద మంచు మందంగా పేరుకుంటే, పాత ఫ్రిజ్ ఫ్రీజరులో లాగే, పైన ఉన్న మంచే దుప్పటై చల్లదనాన్ని ఆపేస్తుంది. ప్రతి విడత అయ్యాక దాన్ని కరిగించి తుడవాలి. కంప్రెసరు రేకుల మధ్య దుమ్ము చేరినా చల్లదనం తగ్గుతుంది. సముద్రపు గాలి తగిలే చోట ఆ రేకులు తినేసుకుపోతాయి కూడా, మన కిటికీ ఊచల మాదిరే. కరెంటు పోయిందంటే వెంటనే పంపు వాల్వు మూయాలి. లేకపోతే ఆ శూన్యం పంపులోని నూనెను వెనక్కి, మందు మీదికే లాగేసుకుంటుంది. వేడి కాస్త ఎక్కువైనా ప్రమాదమే. తెల్లగా, గుల్లగా ఉండవలసిన మందు లేతపాకంలా అడుగున అంటుకుపోతుంది. అది ఇక పారబోయడానికే.

1958లో సోవియట్ ప్రతినిధి ఝ్దానోవ్ ప్రపంచం నుంచి మశూచిని తరిమేద్దామని ప్రతిపాదించాడు. వాళ్ళ దేశం పంపిన ఎండు టీకా మందు మనకు చాలా అందింది. మన దేశపు మశూచి నిర్మూలన కార్యక్రమం 1962లో మొదలైంది. యునిసెఫ్ యంత్రాలు ఇచ్చింది. 1970లలో గిండీ, హైదరాబాదు నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్, బెల్గాం, నైనితాల్ దగ్గర పట్వాడాంగర్, ఈ నాలుగు చోట్లా ఎండు మందు తయారైంది. తయారైన మందును కోడిగుడ్డులోని పిండం పొర మీద వేసి, ఎన్ని పొక్కులు లేచాయో లెక్కబెట్టి సత్తువ చూసేవారు. 1974లో మన దేశంలో లక్షా ఎనభై వేల మందికి పైగా మశూచి సోకింది. మరుసటి సంవత్సరం మే నెలతో అది ఆగిపోయింది. 1980 మేలో ప్రపంచమంతటా పోయిందని ప్రకటించారు. మన ఇళ్ళలో పెద్దవాళ్ళ చేతుల మీద ఉన్న గుండ్రటి మచ్చలు ఆ టీకాలవే. వెంకటగిరి పోలేరమ్మకు మాత్రం వినాయక చవితి వెళ్ళాక ఏటా జాతర జరుగుతూనే ఉంది. జరగనివ్వండి, అమ్మకు మనం ఎప్పుడూ బాకీనే.

ఆ యంత్రం పని ఇంకా అయిపోలేదు. పుట్టిన బిడ్డకు వేసే బీసీజీ, తొమ్మిది నెలలు నిండాక తట్టుకు వేసే టీకా, ఇవి రెండూ అలా ఆరబెట్టిన పొడులే. మందు పొడిగా ఉన్నంతవరకే దానికి ఆ ఓర్పు. నీరు కలిపాక నాలుగు గంటల్లో వాడెయ్యాలి, మిగిలింది పారెయ్యాలి. అందుకే కలిపిన సమయాన్ని సీసా మీద రాస్తారు. అలాగని అన్ని టీకాలూ ఒకటి కావు. ఐదు జబ్బులకు కలిపి వేసే పెంటావాలెంట్ మందు ద్రవం, అది గడ్డకడితే చెడిపోతుంది. మీ పాపను ఎత్తుకుని కేంద్రానికి వెళ్ళినప్పుడు ఆ సీసా మీద రాసిన సమయం ఒకసారి చూపించమ్మా అని నర్సమ్మను అడగండి. అడిగితే ఆమె ఏమీ అనుకోదు.