పెద్దపల్లి పంచ్, హవానా మొహీతో

మన హైదరాబాదు, విజయవాడ హోటళ్ళ మెనూల్లో ‘వర్జిన్ మొజిటో’ చూడనివాళ్ళు ఈ రోజుల్లో తక్కువ. పుదీనా, నిమ్మరసం, చక్కెర, సోడా, ఐసు. అందులో తెల్ల రమ్ము పోస్తే అసలుది. పుట్టిల్లు క్యూబా. స్పానిష్‌లో ‘జె’ అక్షరాన్ని ‘హ’లా పలుకుతారు కాబట్టి ‘మొహీతో’ అనాలి. ఇంట్లో ఎలా కలుపుకోవాలో కింద చెబుతాను. ముందు దాని వంశవృక్షం చూద్దాం. ఎందుకంటే అందులో ఒక కొమ్మ మన బాపట్ల జిల్లా నిజాంపట్నం మీదుగా పోతుంది.

నిజాంపట్నానికి పాత పేరు పెద్దపల్లి. తెల్లవాళ్ళ నోట్లో అది ‘పెట్టపోలి’ అయింది. 1611లో ఈస్టిండియా కంపెనీ ఓడ ‘గ్లోబ్’ పులికాట్‌లో డచ్చివాళ్ళు వ్యాపారం చేసుకోనివ్వకపోతే ఇక్కడికొచ్చింది, ఆ తర్వాత మచిలీపట్నం చేరింది. అప్పుడు ఈ తీరమంతా గోల్కొండ సుల్తానులది. 1632 సెప్టెంబరు 28న రాబర్ట్ ఆడమ్స్ అనే కంపెనీ మనిషి పెట్టపోలిలో ఉన్న థామస్ కాలీ అనే వర్తకుడికి ఒక ఉత్తరం రాశాడు. అందులో తాగుడు గురించి ఒక మాట అంటూ ‘పంచ్’ అని వాడాడు. ఆ పానీయం పేరు ఇంగ్లీషులో కనిపించే తొలి వాడుక ఇదేనని నిఘంటువులు చూపిస్తాయి.

పంచ్ అంటే సారా, చక్కెర, నిమ్మరసం, నీళ్ళు, ఏదో ఒక సుగంధద్రవ్యం. మొత్తం ఐదు. అందుకే మన ‘పంచ’ నుంచే ఆ పేరు వచ్చిందని చాలామంది అంటారు. కాదు, పీపాకి ఉన్న ఒక ఇంగ్లీషు పేరు నుంచి వచ్చిందని వాదించేవాళ్ళూ ఉన్నారు. పేరు సంగతి ఎలా ఉన్నా ఆ ఐదింటినీ మొహీతో పక్కన పెట్టి చూడండి. సారా బదులు రమ్ము, సుగంధద్రవ్యం బదులు పుదీనా, నీళ్ళ బదులు సోడా. చక్కెర, నిమ్మరసం ఉన్నచోటనే ఉన్నాయి. పంచ్‌కి మొహీతో కూతురని రుజువు చేయలేం గానీ, ముఖకవళికలు మాత్రం ఆ కుటుంబానివే.

ఆ చక్కెర, నిమ్మ రెండూ క్యూబాకి అటునుంచి ఇటు కాదు, ఇటునుంచి అటు వెళ్ళినవే. చెరుకు మొదట న్యూగినీలో పండింది. రసాన్ని పలుకులుగా చేయడం మాత్రం మన దేశంలో మొదలైంది. ‘శర్కర’ అరబ్బుల దగ్గర ‘సుక్కర్’ అయి, స్పానిష్‌లో ‘అసూకర్’ అయింది. 1493లో కొలంబస్ రెండోసారి బయలుదేరినప్పుడు ఓడల్లో చెరుకు ముక్కలూ, నిమ్మజాతి విత్తనాలూ ఉన్నాయి. క్యూబా వాళ్ళు ‘లిమోన్ క్రియోయో’ అని, అంటే స్వదేశీ నిమ్మ అని పిలుచుకునేది, మన గూడూరు తోటల్లో కాసే చిన్న నిమ్మ జాతే.

పుదీనా కలిపిన మందు హవానాలో మొదట నిజంగా మందే. చెరుకు సారా, చక్కెర, నిమ్మ, పుదీనా కలిపి ‘డ్రాకె’ అనేవాళ్ళు. అది ఇంగ్లీషు ఓడదొంగ ఫ్రాన్సిస్ డ్రేక్ పేరని చెప్పుకుంటారు. 1833లో హవానాలో కలరా ప్రబలింది. దాని నేపథ్యంలో రామోన్ డి పాల్మా 1838లో రాసిన కథలో ఒక పాత్ర రోజూ పదకొండింటికి ‘డ్రాకెసీతో’ తాగుతుంది. 1862లో ఫకుందో బకార్డీ శాంటియాగోలో భట్టీ కొని, బొగ్గులో వడగట్టిన తేలిక రమ్ము తీశాడు. మోటు సారా పోయి ఆ తెల్ల రమ్ము వచ్చాక డ్రాకె మొహీతో అయింది. 1930లలో హవానాలోని స్లాపీ జోస్ బార్ అచ్చువేసిన పుస్తకంలో ఆ పేరుతోనే తయారీ ఉంది. హెమింగ్వే కథ ఇక్కడ చెప్పను. బార్ గోడ మీద ఆయన రాశాడని చూపించే వాక్యం ఆయనది కాదని పరిశోధకులు ఎప్పుడో తేల్చారు.

నేను సింగపూర్‌లో, జురాంగ్ ఐలాండ్‌లో పనిచేస్తాను. రమ్ముకీ మా ఊరికీ సంబంధం ఏమిటంటారా? ఉంది. 1830లో ఈనియాస్ కాఫీ అనే ఐరిష్ ఎక్సైజ్ ఉద్యోగి, సారాని ఒక్కో విడతగా కాకుండా ఆగకుండా బట్టీ పట్టే పొడవాటి స్తంభానికి పేటెంటు తీసుకున్నాడు. తేలిక రమ్ము ఇప్పుడు అలాంటి స్తంభాల్లోంచే వస్తుంది. కింద వేడి, పైన చలి, మధ్యలో అంతస్తులుగా పళ్ళేలు, ఏది ఎంత వేడికి ఆవిరవుతుందో దాన్నిబట్టి ఏ అంతస్తులో దాన్ని ఆ అంతస్తులో పట్టుకోవడం. రిఫైనరీలో ముడిచమురు నుంచి పెట్రోలు, కిరోసిన్, డీజిల్ విడదీసే స్తంభంలో జరిగేదీ ఇదే. పరిమాణం మారింది, సూత్రం మారలేదు.

ఈ దీవి ఏడు దీవుల్ని కలిపి, మధ్యలో సముద్రాన్ని పూడ్చి చేసినది. 2000 అక్టోబరు 14న అధికారికంగా ప్రారంభించారు, పూడిక 2009కి పూర్తయింది. అక్కడ ఉండే జాలరి కుటుంబాలు అంతకు ముందే ఖాళీ చేసి వెళ్ళాయి. ఇప్పుడు పాసు లేనిదే లోపలికి పోనివ్వరు. కానీ పాత పేర్లు రోడ్డు బోర్డుల మీద మిగిలాయి. ఒక దీవి ఆయర్ చావన్. మలయ్‌లో ‘ఆయర్’ అంటే నీళ్ళు, ‘చావన్’ అంటే కప్పు. ఇంకొకటి మెర్లిమావ్. అందులో నిమ్మజాతికి మలయ్ వాళ్ళు వాడే ‘లిమావ్’ వినిపిస్తూనే ఉంటుంది. కప్పూ నిమ్మా పేర్లలో ఉన్నాయి గానీ, అక్కడ పనిలో ఉండగా చుక్క ముట్టడానికి లేదు. కలుపుకునేది ఇంటికొచ్చాకే.

కలపడం తేలిక. ఒక గ్లాసుకి ఆరు పుదీనా రెబ్బలు, రెండు చెంచాల చక్కెర, 20 మిల్లీలీటర్ల నిమ్మరసం వేయండి. పప్పుగుత్తి పిడితో మెల్లగా నొక్కండి. పచ్చడి నూరినట్టు నూరితే ఆకు పసరు దిగి చేదెక్కుతుంది. వాసన బయటికి వస్తే చాలు. 45 మిల్లీలీటర్ల తెల్ల రమ్ము, గ్లాసు నిండా ఐసు, పైన సోడా. పుదీనా లిటిల్ ఇండియాలో టెక్కా మార్కెట్లో కొంటాను. క్యూబా వాళ్ళ ‘యెర్బా బువేనా’ వేరే రకం. మన పుదీనాకి ఘాటు కొంచెం ఎక్కువ కాబట్టి ఒక రెబ్బ తగ్గించినా నష్టం లేదు. ఇక్కడ దొరికే కలమాన్సీ కూడా వాడి చూశాను. బాగుంటుంది గానీ నారింజ వాసన వస్తుంది. రమ్ము లేకుండా పిల్లలకీ ఇవ్వచ్చు.

గ్లాసులో చక్కెర కరిగిపోతుంది, దాని చరిత్ర అంత తేలిగ్గా కరగదు. క్యూబాలో బానిసత్వం 1886 దాకా ఉంది. అది చాలక 1847 నుంచి 1874 దాకా లక్షకు పైగా చైనా కూలీల్ని తెచ్చి చెరుకు తోటల్లో పెట్టారు. బ్రిటిష్ వాళ్ళు తమ తోటలకి మనవాళ్ళని పట్టుకెళ్ళారు. మారిషస్‌కి 1834 నుంచి. మద్రాసు నుంచి బయలుదేరిన ‘ట్రూరో’ ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. 1911లో ఆ వలస ఆపేనాటికి నటాల్‌కి వెళ్ళినవాళ్ళు లక్షన్నర. వాళ్ళలో విశాఖ, గంజాం, గోదావరి జిల్లాల వాళ్ళు ఎందరో. 1879 నుంచి ఫిజీకి. మలయాలోనూ రబ్బరు రాకముందు ప్రావిన్స్ వెల్లెస్లీలో చెరుకు తోటలే ఉండేవి. మన నేల మీది చక్కెర ముందు వెళ్ళింది, దాని వెనక మన మనుషులు వెళ్ళారు. ఈ రోజు మారిషస్‌లో ఉగాది ప్రభుత్వ సెలవు. తాగేవాడికి ఆ చరిత్ర గ్లాసులో కనిపించదు.

తాగేది ఎవరు, ఎక్కడ అన్నదానికి కూడా ఒక చరిత్ర ఉంది. 2013 డిసెంబరు 8న లిటిల్ ఇండియాలో ఒక భారతీయ కార్మికుడు బస్సు కింద పడి చనిపోయాడు, అల్లర్లు జరిగాయి. తాగుడు కూడా ఒక కారణమని విచారణ సంఘం చెప్పింది. 2015 ఏప్రిల్ నుంచి వచ్చిన చట్టం ప్రకారం సింగపూర్ అంతటా రాత్రి పదిన్నర నుంచి ఉదయం ఏడు దాకా బహిరంగంగా తాగకూడదు. లిటిల్ ఇండియాలో నిబంధన ఇంకా గట్టిది. శనివారం ఉదయం నుంచి సోమవారం ఉదయం దాకా వీధిలో గ్లాసు ఎత్తకూడదు. నియమం అందరికీ ఒకటే. కానీ నాకు తలుపు వేసుకోవడానికి ఒక వంటిల్లు ఉంది. నాతోపాటే గేటు దాటే శ్రీకాకుళం వెల్డరు ఒక డార్మిటరీ గదిలో పదిమందితో ఉంటాడు. అతని ఆదివారం, అతని వీధి ఆ రెండు రోజుల గడువు లోపలే ఉన్నాయి.

‘ఇంట్లో మొహీతో’ అన్న మాటలో రమ్ము కంటే ఖరీదైనది ఇల్లే.