విశాఖ బీచ్‌కి వెళ్తున్నారా? ‘అలల హెచ్చరిక’ను ఇలా చదవండి

ఆదివారం సాయంత్రం పిల్లలతో ఆర్కే బీచ్‌కి బయల్దేరారు. ఆకాశంలో మబ్బు తునక లేదు. ఫోన్‌లో మాత్రం ‘ఉత్తరాంధ్ర తీరంలో ఎత్తైన అలలు, మత్స్యకారులు అప్రమత్తంగా ఉండాలి’ అని వార్త కనిపించింది. వాన లేదు, గాలి లేదు, పైగా మనం వేటకు వెళ్లేవాళ్లం కాదు కదా అని చాలామంది ఆ వార్తను పక్కన పడేస్తారు. విశాఖ తీరంలో నీటిలోకి దిగి తిరిగిరాని వాళ్ల వార్తలు చూడండి. ఎక్కువమంది విద్యార్థులు, సెలవు రోజు సరదాగా వచ్చినవాళ్లు. తుఫాను రోజున బీచ్‌కి ఎవరూ వెళ్లరు. ప్రాణాలు పోయేది మామూలు రోజుల్లోనే.

సముద్రం గురించి ప్రభుత్వ సంస్థలు రోజూ ఇచ్చే సమాచారం తక్కువేమీ కాదు. కాకపోతే అది పడవలు నడిపేవారి కోసం, ఓడరేవుల కోసం రాసింది. మోకాలి లోతు నీళ్లలో నిలబడే మనం దాన్ని మనకు తగ్గట్టు చదువుకోవాలి.

చెప్పేది ఎవరు?

గాలి, వాన, అల్పపీడనం, తుఫాను సంగతులు భారత వాతావరణ శాఖవి. తుఫాను హెచ్చరికల కేంద్రం విశాఖలోనే ఉంది. అలల ఎత్తు, ప్రవాహాలు, సునామీ సంగతులు చెప్పేది ఇన్‌కాయిస్, అంటే భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం. 1999లో ఏర్పడిన ఈ సంస్థ ఉన్నది హైదరాబాద్‌లో. సముద్రం కనుచూపు మేరలో లేని ఊరి నుంచి కెరటాల లెక్క వస్తుందంటే వింతగా అనిపించవచ్చు. అయితే ఆ లెక్క సముద్రంలో తేలే బోయలు, ఉపగ్రహాలు, కంప్యూటర్ నమూనాల నుంచి వచ్చేది కాబట్టి ఆఫీసు ఎక్కడుందన్నది సమస్య కాదు. రెండూ కేంద్ర భూవిజ్ఞాన శాఖ కిందివే.

మీరు చూడాల్సింది కూడా రెండిటినీ. వాతావరణ శాఖ ‘ఆకాశం నిర్మలంగా ఉంటుంది’ అన్న రోజే ఇన్‌కాయిస్ అలల హెచ్చరిక ఇవ్వవచ్చు. రెండు మాటలూ నిజమే అవుతాయి.

ఎత్తు ఒక్కటే చూస్తే చాలదు

బులెటిన్‌లో ‘అలల ఎత్తు 2 మీటర్లు’ అని ఉందనుకోండి. వచ్చే ప్రతి అలా 2 మీటర్లు ఉంటుందని దాని అర్థం కాదు. ఆ సమయంలో వచ్చే అలల్లో పెద్దవైన మూడో వంతును తీసుకుని, వాటికి కట్టిన సగటు అది. అంటే చాలా అలలు అంతకంటే చిన్నవి, కొన్ని పెద్దవి. ఎప్పుడో ఒకటి ఆ అంకెకు రెట్టింపు దాకా వెళ్లవచ్చు. పైగా అది లోతైన నీటి లెక్క. ఒడ్డు దగ్గర విరిగేటప్పుడు అల ఎలా ఉంటుందన్నది అడుగున ఇసుక ఎంత వాలుగా ఉందో దాన్ని బట్టి మారిపోతుంది.

పెద్ద అలలు విడివిడిగా రావు, గుంపుగా వస్తాయి. పది నిమిషాలు సముద్రం బుద్ధిగా ఉన్నట్టు కనిపించి, వరసగా నాలుగైదు కెరటాలు ఒడ్డు మీద దూరం దాకా వచ్చి పడతాయి. చెప్పులు కొట్టుకుపోవడం, సెల్ఫీ కోసం రాయి ఎక్కినవాళ్లు జారిపడటం అప్పుడే. అందుకే దిగేముందు పది, పదిహేను నిమిషాలు ఒడ్డున కూర్చుని చూడమంటారు. బజ్జీలు ఎటూ తినేవే కదా, అవి ముందే తినేయండి.

వార్తల్లో పెద్దగా కనిపించని మరో అంకె ఉంది. ఒక అలకూ దాని వెనక అలకూ మధ్య ఎన్ని సెకన్లు? మన తీరం దగ్గర వీచే గాలికి పుట్టిన అలలైతే ఆరేడు సెకన్లకొకటి వస్తాయి. నురగతో చిందరవందరగా ఉంటాయి, కంటికి భయం కలిగిస్తాయి. ఎక్కడో వేల కిలోమీటర్ల అవతల, దక్షిణ హిందూ మహాసముద్రంలో తుఫాను గాలికి పుట్టి, రోజుల తరబడి ప్రయాణించి వచ్చే అలలు వేరు. వాటి మధ్య 14, 16 సెకన్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే ఉంటుంది. పైకి నునుపుగా, సోమరిగా కనిపిస్తాయి. ఒకే ఎత్తున్నా 8 సెకన్ల అల కంటే 16 సెకన్ల అల ఒడ్డుకు తెచ్చే శక్తి రెట్టింపు. ఒడ్డు మీద ఇంకా పైకి పాకుతుంది, వెనక్కి లాగేటప్పుడు ఎక్కువ నీటిని లాగుతుంది.

కేరళలో ఇలాంటి అలల పొంగుకు ‘కళ్లక్కడల్’ అని పేరు. దొంగలా వచ్చే సముద్రం అని అర్థం. గాలీ వానా లేకుండా ఉన్నట్టుండి వస్తుంది కనుక ఆ పేరు. ఈ దూరపు అలలు బంగాళాఖాతంలోకీ వస్తాయి. ఇన్‌కాయిస్ వీటికి విడిగా హెచ్చరికలు ఇస్తుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఇలాంటి అలలు రుతుపవనాలకు ముందు, ఏప్రిల్, మే నెలల్లో ఎక్కువ. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవల వేటపై నిషేధం. చేపల సంతానోత్పత్తి కోసం పెట్టిన నిషేధం అది, సముద్రం పోకడతో దానికి సంబంధం లేదు. దాంతో ‘మత్స్యకారులకు హెచ్చరిక’ అన్న వార్త వచ్చేసరికి పెద్ద పడవలన్నీ హార్బర్‌లోనే ఉంటాయి. నీళ్లలో ఉండేది వేసవి సెలవులకు వచ్చిన పిల్లలు. ఆ రెండు నెలలు ‘మత్స్యకారులు’ అని ఉన్నచోట ‘సందర్శకులు’ అని చదువుకోండి.

కెరటాలు లేనిచోటే గండం

అలలు ఒడ్డుకు తెచ్చి పోసిన నీరు తిరిగి వెళ్లాలి. అడుగున ఇసుక తిన్నెలు అడ్డుంటే, వాటి మధ్య ఎక్కడ సందు దొరికితే అక్కడ కూడి, కాలువలా లోపలికి పరుగెడుతుంది. దీన్నే రిప్ కరెంట్ అంటారు. కొన్ని మీటర్ల వెడల్పే ఉండొచ్చు. వేగం మాత్రం బలంగా ఉన్నప్పుడు సెకనుకు రెండు మీటర్లు దాటుతుంది. ఒలింపిక్ ఈతగాడికీ దానికి ఎదురీదడం అయ్యే పని కాదు.

దాని అసలు మాయ కనిపించే తీరులో ఉంది. రెండు పక్కలా కెరటాలు తెల్లగా విరుగుతుంటే, మధ్యలో ఒక పట్టీ మాత్రం ప్రశాంతంగా ఉంటుంది. ఆ సందులో నీరు లోతుగా ఉంటుంది కాబట్టి అల అక్కడ విరగదు. ఈత రానివాళ్లు, పిల్లలను తీసుకొచ్చినవాళ్లు ‘ఇక్కడ అలలు తక్కువ’ అని సరిగ్గా ఆ పట్టీనే ఎంచుకుంటారు. నీటి రంగు అక్కడ ముదురుగానో, ఇసుక కలిసి బురదగానో ఉంటుంది. నురగ, చెత్త ఒడ్డుకు రాకుండా లోపలికి పోతూ కనిపిస్తాయి. నీళ్ల అంచున నిలబడితే ఇది తెలియదు. బీచ్ రోడ్డు గట్టు మీద నుంచి చూస్తే తెలుస్తుంది.

అందులో చిక్కుకుంటే గుర్తుంచుకోవాల్సింది, అది మనిషిని అడుగుకు లాగదు, లోపలికి మాత్రమే తీసుకెళ్తుంది. ఒడ్డు వైపు ఈదుతూ అలసిపోయి మునుగుతారు. వెల్లకిలా తేలండి, చెయ్యెత్తి కేకలు వేయండి. కెరటాలు విరిగే చోటు దాటాక ప్రవాహం బలం తగ్గుతుంది. ఈత వస్తే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, కెరటాలు విరుగుతున్న వైపు నుంచి వాటితోపాటు బయటికి రండి.

ఒడ్డున ఉన్నవాళ్లకు ఇది ఇంకా కష్టమైన మాట: స్నేహితుడు కొట్టుకుపోతుంటే వెనకే దూకవద్దు. ఒకరి కోసం ఇద్దరు, ముగ్గురు పోయిన సంఘటనలు మన తీరంలో ఎన్నో. ఖాళీ నీళ్ల క్యాన్, మూత బిగించిన పెద్ద సీసా, బంతి, ఏది తేలితే అది విసరండి. దగ్గర్లో పడవలు, వలల దగ్గర మత్స్యకారులు ఉంటే వాళ్లను పిలవండి. తాడు, తెప్ప వాళ్ల దగ్గరే దొరుకుతాయి.

విశాఖలో ఏ బీచ్ ఎలా?

ఆర్కే బీచ్‌లో నిన్నటి అనుభవం ఈరోజుకు పనికిరాదు. ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుక మన తీరం వెంబడి దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. ఔటర్ హార్బర్ అడ్డుగోడలు ఆ ఇసుకను ఆపుతాయి. అందుకే అక్కడ పేరుకున్న ఇసుకను డ్రెడ్జర్లతో తోడి బీచ్‌కు పోస్తుంటారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తర్వాత తీరం ఎంత కోసుకుపోయిందో నగరవాసులకు గుర్తే. ఇలా ఇసుక వస్తూ పోతూ ఉండటంతో అడుగున తిన్నెలు, వాటి మధ్య సందులు చోటు మారుతుంటాయి. వాలు నిటారుగా ఉన్నచోట రెండడుగులకే లోతు పెరుగుతుంది, అల నేరుగా ఒడ్డు మీదే విరుగుతుంది.

రుషికొండకు 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు దక్కింది. నీటి శుభ్రత, సౌకర్యాలు, నిర్వహణ చూసి ఇచ్చేది అది. ఆ నీలం జెండా ఎగురుతోందంటే ఈరోజు సముద్రం శాంతంగా ఉందని కాదు. చూడాల్సినవి వేరే జెండాలు. ఎరుపు, పసుపు కలిసిన జెండాలు రెండు పాతి ఉంటే వాటి మధ్య లైఫ్‌గార్డుల కాపలా ఉందని అర్థం. పసుపు జెండా ఉంటే జాగ్రత్త పడాలి. ఎర్ర జెండా ఉంటే దిగకూడదు.

యారాడ, తెన్నేటి పార్కు దగ్గర రాళ్లే పెద్ద ముప్పు. పాచి పట్టిన రాయి తడిగా ఉందంటే ఇంతకుముందే అక్కడిదాకా అల వచ్చి వెళ్లిందన్న మాట. భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలిసే మొగ దగ్గర, పాటు వేళ నీరు బలంగా లోపలికి లాగుతుంది.

ఆటుపోట్లు, అమావాస్య

విశాఖలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. రోజురోజుకూ సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతాయి. అమావాస్య, పౌర్ణమి ప్రాంతంలో పోటుకూ పాటుకూ తేడా సుమారు ఒకటిన్నర మీటరు దాకా ఉంటుంది. కార్తిక, మాఘ పౌర్ణములకు సముద్ర స్నానాల రద్దీ కూడా అప్పుడే. ఆ వేళ దూరపు పెద్ద అలలూ తోడైతే కెరటం రోజూ రానిచోటికి వస్తుంది. పిల్లల్ని, పెద్దవాళ్లను కూర్చోబెట్టేటప్పుడు తడి ఇసుక గీతకు బాగా ఎగువన కూర్చోబెట్టండి. రిప్ కరెంట్లు సాధారణంగా పాటు వేళ బలపడతాయి.

ఉదయం పూట గాలి తక్కువగా ఉండి నీరు నునుపుగా ఉంటుంది. మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి పుంజుకుంటుంది. సర్ఫింగ్ నేర్చుకునేవాళ్లు తెల్లవారే రావడానికి కారణం ఇదే. జూన్ నుంచి సెప్టెంబరు వరకు నైరుతి గాలులతో అలలు పెద్దవి. అక్టోబరు నుంచి డిసెంబరు తుఫాన్ల కాలం. జనవరి నుంచి మార్చి వరకు కొంత నెమ్మది.

ఓడరేవు నంబర్ల సంగతి

‘విశాఖ పోర్టులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక’ అన్న వార్తలు ఏటా చదువుతాం. ఒకటి నుంచి పదకొండు వరకు ఉన్న ఈ నంబర్లను మార్కుల్లా చదవకూడదు. 1, 2 దూరంగా సముద్రంలో ఉన్న అల్లకల్లోలం గురించి. 3, 4 ఈ రేవుకే ఈదురుగాలుల ముప్పు ఉందని. 5, 6, 7 తుఫానుకు సంబంధించినవి. తీవ్రతలో వాటి మధ్య తేడా లేదు. తుఫాను రేవుకు ఏ పక్క నుంచి తీరం దాటుతుందో, లేదా రేవు మీదుగానే దాటుతుందో చెబుతాయి. 8, 9, 10 అదే లెక్కలో తీవ్ర తుఫానుకు. 11 అంటే హెచ్చరికల కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని.

బీచ్‌కి వెళ్లేవారికి ఒకటో నంబరైనా చాలు, ఆ రోజు నీటికి దూరంగా ఉండాలి. తుఫాను ఒడిశాలో తీరం దాటినా దాని అలలు మనకు ముందే చేరతాయి. తుఫాను దాకా కూడా అక్కర్లేదు. 2020 అక్టోబరులో వచ్చింది తీవ్ర వాయుగుండమే. ఆ స్థాయిలో గాలి వేగం గంటకు 50 నుంచి 61 కిలోమీటర్లు. లంగరు వేసి ఉన్న ‘ఎంవీ మా’ అనే బంగ్లాదేశ్ నౌకను అది తెన్నేటి పార్కు ఒడ్డుకు తెచ్చి పడేసింది. ఆ ఓడ ముందు ఫొటోలు దిగడానికి ఊరంతా వెళ్లింది.

ఎవరికి ఫోన్ చేయాలి?

ముందు కేక వేయాల్సింది లైఫ్‌గార్డుకు, ఆ వెంటనే 112కు ఫోన్. మనిషి బాగా లోపలికి కొట్టుకుపోతే తీర రక్షక దళం నంబరు 1554. ఒడ్డుకు చేర్చాక శ్వాస ఆడుతున్నా, మాట్లాడుతున్నా 108లో ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిందే. ఊపిరితిత్తుల్లోకి వెళ్లిన నీటి ప్రభావం కొన్ని గంటల తర్వాత బయటపడవచ్చు. ఫోన్ చేసేటప్పుడు ‘ఆర్కే బీచ్’ అంటే సరిపోదు, అది కిలోమీటర్ల పొడవు. జలాంతర్గామి మ్యూజియం ఎదురుగా, కాళీమాత గుడి పక్కన అంటూ గుర్తు చెప్పండి. ఒకరు ఫోన్‌లో మాట్లాడుతుంటే ఇంకొకరు నీటిలో ఉన్న మనిషి మీద నుంచి చూపు తిప్పకుండా, చెయ్యి అటే చాపి నిలబడాలి. కెరటాల మధ్య తల ఒక్కసారి కనబడకుండా పోతే మళ్లీ వెతికి పట్టుకోవడం చాలా కష్టం.