నవద్వీప చతుష్పాఠులు : తర్కవిద్యార్థుల పోషణము

నవ్యన్యాయమునుగూర్చి మనపండితులలో నొక యైతిహ్యము గలదు. వాసుదేవసార్వభౌముఁడు మిథిలలోఁ జదివి, యచటివారు గ్రంథమును వ్రాసికొనిపోనీయమిచే, గంగేశోపాధ్యాయుని తత్త్వచింతామణిని కంఠస్థము చేసికొని వంగదేశమునకుఁ దెచ్చెనఁట! ఈకథ శాస్త్రము నవద్వీపమునకు వచ్చినవిధమును జెప్పుచున్నది గాని, యచట మూఁడుశతాబ్దములకుఁ బైఁగా నేల నిలిచెనో చెప్పదు. రఘునాథశిరోమణి దీధితిని రచించుటయు, 17వ శతాబ్దమున జగదీశ గదాధరులు దానిని వ్యాఖ్యానించుటయు, గాదాధరి దక్షిణాపథమునఁగూడఁ బాఠ్యమగుటయు నెల్లరెఱిఁగినవే. ఇంతటి పరంపరకు ధారణాశక్తి యొక్కటియే చాలునా? శిష్యుల గ్రాసవాసములమాట విచారింపవలదా?

ఇందులకు 1829 సంవత్సరపు వృత్తాంత మొకటి మిక్కిలి యుపకరించును. దూరదేశవిద్యార్థులకు కుంఫిణీప్రభుత్వ మిచ్చుచుండిన నెలకు 100 రూపాయల భృతి నిలిచిపోఁగా, విద్యార్థులు దానికై విన్నపము చేసికొనిరి. విచారణకై హోరేస్ హేమన్ విల్సన్ నవద్వీపమునకుఁ బోయెను. ఆతని నివేదనమును విలియం ఆడమ్ తన విద్యావిషయక నివేదికలోఁ జేర్చినాఁడు.

అప్పు డచట నిరువదియైదు చతుష్పాఠు లుండెను. వానినే వంగీయులు టోలు లందురు. పాఠము చెప్పుటకుఁ బల్లపు పూరిపాక యొకటి, శిష్యులు వసించుటకు రెండుమూఁడువరుసల మట్టిగుడిసెలు; విద్యాపీఠమనిన నింతియే. గురువు ప్రాతఃకాలమున వచ్చి సూర్యాస్తమయమువఱకు నుండును. గుడిసెలు గట్టించి బాగుచేయించువాఁ డాతఁడే. వేతనము గొనక చదువు చెప్పుటయే కాక యన్నవస్త్రములకును దోడ్పడును. నదియారాజుల పూర్వదానములు, జమీందారుల సంభావనలు నాతనికి జీవనాధారములు. ఒక్కొక్కచోట నిరువదిమొదలు నిరువదియైదుగురు, ప్రసిద్ధగురువులకడ నేఁబదిమొదలు నఱువదిమంది చదువుచుండిరి. ప్రధానవిద్య న్యాయము, కొన్నిచోట్ల ధర్మశాస్త్రము, వ్యాకరణ మొకటిరెండుచోట్ల మాత్రమే. అయినను దాక్షిణాత్యవిద్యార్థులు కొందఱు గీర్వాణమును ధారాళముగా, నిర్దుష్టముగా మాటలాడుచుండిరని విల్సన్ ప్రశంసించినాఁడు. వైయాకరణులకు సంతోషకరమైనమాట!

ఆ నూఱురూపాయలును బంచుకొనఁగా నొక్కొక్కనికి నెలకు వచ్చునది 12 అణాలు మొదలు రూపాయి. భోజనమున కది యించుమించుగాఁ జాలెడిది. అది లేకున్న దూరదేశస్థుఁడు పుస్తకము మూసి యింటిత్రోవ పట్టవలసినదే. విచారణానంతరము ప్రభుత్వ మాభృతిని మరల నొసఁగెను.

తర్కమునకు గురుశిష్యసాన్నిధ్యము ప్రాణము. లక్షణమును జెప్పఁగానే యవ్యాప్త్యతివ్యాప్తులను జూపువాఁ డెదుటఁ గూర్చుండవలయును. సమాధానము కుదురువఱకు గురువు లేవకుండవలయును. ఇరువదిమంది పాకలో నిది సాధ్యము. ఆఁకొన్న శిష్యునికి మాత్ర మది దుస్సాధ్యము. 1818లో వార్డు ముప్పదియొక్క పాఠశాలలను, 747 మంది విద్యార్థులను లెక్కించెను. పదునొకండేండ్లకు విల్సన్ విన్నసంఖ్య 500 మొదలు 600 మాత్రమే. కావున నవద్వీపచరిత్రమును వ్రాయువారు శిరోమణిప్రతిభను గొనియాడునప్పుడు, పేరెఱుఁగరాని యాగురువులు వేయించిన గుడిసెలను, పెట్టిన యన్నమునుగూడ లెక్కింపవలయునని మామనవి.