విజయవాడ ఆన్‌లైన్ సమాచార కేంద్రం

విజయవాడ ఆన్‌లైన్ సమాచార కేంద్రం, విజయవాడ నగరపాలక సంస్థ తన సేవలను కంప్యూటర్ల ద్వారా పౌరులకు అందించేందుకు చేపట్టిన పథకం. ఆంగ్ల నామంలోని అక్షరాలను కలిపి దీనిని వాయిస్ అని వ్యవహరించేవారు. 1998లో పనులు మొదలై, 1999 డిసెంబరులో సేవలు అందుబాటులోకి వచ్చాయి. భారతదేశంలో పురపాలక సేవలను ఆన్‌లైన్‌లోకి తెచ్చిన తొలి ప్రయత్నాలలో ఇది ఒకటి. ప్రభుత్వ సంస్థకు సాఫ్ట్‌వేరు అమర్చిన తరువాత దానిని వాడుకలో నిలబెట్టే పనిని పరిశ్రమలో కస్టమర్ సక్సెస్ అంటారు. ఆ పనిలోని సాధకబాధకాలను తెలుసుకోవడానికి ఈ పథకం ఒక ఉదాహరణ.

నేపథ్యం

1888లో పురపాలక సంఘంగా ఏర్పడిన విజయవాడ 1981లో నగరపాలక సంస్థ అయింది. జనన మరణాల నమోదు, పన్నుల వసూలు, ఇళ్ల ప్లాన్ల అనుమతి వంటి పనులకు వేర్వేరు విభాగాలు, వేర్వేరు రిజిస్టర్లు ఉండేవి. బిడ్డను బడిలో చేర్చాలన్నా, భర్త మరణించిన స్త్రీ కుటుంబ పింఛను పొందాలన్నా ధ్రువపత్రం కావాలి. అది ఆలస్యమైతే పౌరుడు కార్యాలయం చుట్టూ తిరగవలసి వచ్చేది. దళారులకు అవకాశం కలిగేది. 1998 నవంబరులోనే రాష్ట్ర రిజిస్ట్రేషన్ శాఖలో కార్డ్ పథకం మొదలైంది. వాయిస్ కూడా ఆ కాలపు ఆలోచనల ఫలితమే.

సేవలు

జనన మరణ ధ్రువపత్రాల జారీ, భవన నిర్మాణ అనుమతులు, ఆస్తి పన్ను, నీటి, మురుగునీటి పన్నుల వసూలు ఇందులోని ముఖ్య సేవలు. నగరంలో ప్రజలకు దగ్గరగా 5 కియోస్క్‌లు నెలకొల్పి, వాటిని నగరపాలక సంస్థ విభాగాలతో నెట్‌వర్క్ ద్వారా అనుసంధానించారు.

ప్రభుత్వ ఖాతాదారు ప్రత్యేకత

ప్రైవేటు వ్యాపారంలో సాధారణంగా వస్తువు కొన్నవారే దానిని వాడుకుంటారు. ప్రభుత్వ పథకంలో డబ్బు చెల్లించేది శాఖ, ప్రతిరోజూ వాడేది గుమాస్తా, ఫలితం అనుభవించేది పౌరుడు. ముగ్గురిలో ఏ ఒక్కరికి ఉపయోగపడకపోయినా పథకం కుంటుపడుతుంది. అందువలన ఇటువంటి పథకాల నిర్వహణలో ఈ క్రింది అంశాలు ముఖ్యమైనవి.

* ఒప్పందం: కొనుగోలు టెండరు ద్వారా జరుగుతుంది. వారంటీ, వార్షిక నిర్వహణ, సేవా ప్రమాణాలు, జాప్యానికి జరిమానా ముందే వ్రాసుకుంటారు. తరువాత వచ్చే కోరికలను నోటిమాటపై ఒప్పుకుంటే బిల్లు మంజూరులోనూ, ఆడిట్‌లోనూ చిక్కులు వస్తాయి.
* అధికారుల బదిలీ: పథకాన్ని ప్రోత్సహించిన కమిషనరు బదిలీ కావచ్చు. శిక్షణ పొందిన ఉద్యోగులూ మారుతుంటారు. కనుక శిక్షణ ఒక్కసారితో ముగియదు. నిర్ణయాలన్నీ ఫైలులో నమోదై ఉండాలి.
* పాత దస్త్రాలు: రిజిస్టరులో పేరు, ఇంటిపేరు, డోరు నెంబరు తప్పుగా ఉంటే కంప్యూటరు ఆ తప్పునే వేగంగా ముద్రిస్తుంది. నమోదుకు ముందే సరిచూడటం, తరువాత సవరణకు సులభమైన మార్గం ఉంచటం అవసరం.
* పని ఒత్తిడి: ఆస్తి పన్ను అర్ధ సంవత్సరాలవారీగా చెల్లించవలసి ఉంటుంది. ఇటీవలి సంవత్సరాలలో ఏప్రిల్ నెలాఖరులోగా ఏడాది పన్ను మొత్తం చెల్లించిన వారికి 5 శాతం రాయితీ ఇస్తున్నారు. అటువంటి గడువు రోజులలో సాఫ్ట్‌వేరులో మార్పులు చేయకపోవటం మేలు.
* సాఫల్యానికి కొలమానం: ఎన్ని కంప్యూటర్లు అమర్చారన్నది కాదు, ఎన్ని దరఖాస్తులు గడువులోగా పరిష్కారమైనవన్నది చూడాలి.

తరువాతి పరిణామాలు

2001 ఆగష్టు 25న హైదరాబాదులో ఈ-సేవ కేంద్రాలు ప్రారంభమయ్యాయి. 2011 నవంబరు 4న చిత్తూరులో మొదలైన మీసేవలో డిజిటల్ సంతకంతో కూడిన ధ్రువపత్రాలు వచ్చాయి. 2019 అక్టోబరు 2 నుండి ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయాలు ఏర్పడ్డాయి. 2025 జనవరి 30న వాట్సాప్ ద్వారా సేవలందించే మన మిత్ర మొదలైంది.

2024 సెప్టెంబరులో బుడమేరు వరద నగరంలోని పలు కాలనీలను ముంచెత్తినపుడు సచివాలయ సిబ్బంది ఇంటింటి నష్టాన్ని నమోదు చేశారు. నీట మునిగిన క్రింది అంతస్తు ఇళ్లకు 25,000 రూపాయల సాయం ప్రకటించారు. ఇటువంటి వేళ జాబితాలో పేరు లేకపోతే సాయం అందదు. దస్త్రాలు ఎంత సరిగా ఉన్నాయి, తప్పు దిద్దేవారు ఎంత చేరువలో ఉన్నారు అన్నవి అప్పుడు కుటుంబం జీవనానికి సంబంధించిన ప్రశ్నలవుతాయి.

ప్రాముఖ్యత

ఈ-పరిపాలనపై ప్రపంచ బ్యాంకు సేకరించిన ఉదాహరణలలో వాయిస్‌కు చోటు దక్కింది. ఆనాటి కియోస్క్‌ల స్థానంలో నేడు చేతిలోని ఫోను వచ్చింది. అయితే దరఖాస్తును పరిశీలించి నిర్ణయం తీసుకోవలసినది నేటికీ ఒక ఉద్యోగియే. ఆ ఉద్యోగికి పని తేలిక చేయనిదే పౌరునికి సేవ తేలిక కాదు.

ఇవి కూడా చూడండి

* విజయవాడ నగరపాలక సంస్థ
* ఈ-సేవ
* మీసేవ