మంచు వాలు మీద వారం బడి

గౌతమీ గోదావరికి ఎడమ వైపున, వరిచేల నడుమ, సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులో ఉన్న ఆలమూరుకు మంచుతో సంబంధం నది ద్వారానైనా ఏర్పడలేదు. గంగా యమునల మాదిరిగా గోదావరి హిమానీనదాల నుంచి వచ్చేది కాదు, నాసిక్ దగ్గరి త్ర్యంబకేశ్వరం కొండల్లో పుట్టి వానల మీదనే ఆధారపడిన నది. ఈ ప్రాంతంలో వాలు అనేది కాలువ నీరు పారడానికి ఇంజనీర్లు కొలిచి లెక్కగట్టిన సంగతి. ఆర్థర్ కాటన్ 1847లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని మొదలుపెట్టి 1852 నాటికి పూర్తిచేయగా, డెల్టా కాలువలన్నీ కంటికి ఆనని ఆ స్వల్పమైన వాలునే నమ్ముకుని పారాయి. ఇటువంటి నేల మీద నిలబడి చూసేవారికి, ఒకరినొకరు ఎరగని ఏడెనిమిది మంది ఒక గురువు వెనుక వరుసకట్టి, నిట్టనిలువు మంచుకొండ మీద వారం రోజుల పాటు జారడం నేర్చుకునే ఆచారం పూర్తిగా పరాయిదిగా తోచడం సహజమే. అయినా ఆ ఆచారపు చరిత్రలో మద్రాసు ప్రెసిడెన్సీ ప్రస్తావన రెండు సార్లు వస్తుంది. గోదావరి జిల్లాతో పాటు ఆలమూరు కూడా ఆనాడు ఆ ప్రెసిడెన్సీలోనిదే.

స్కీ అంటే పాదానికి కట్టుకునే పొడవైన సన్నని పలక. దాని ముందు కొన పైకి వంగి ఉంటుంది. మనిషి బరువును మంచు మీద పరిచి కాలు దిగబడకుండా ఆపుతుంది. ఉత్తర యూరప్‌లోనూ సైబీరియాలోనూ వేటగాళ్లు దీన్ని వేల ఏళ్లుగా వాడారు. స్వీడన్‌లోని కాల్వ్‌ట్రేస్క్ దగ్గర చిత్తడి నేలలో దొరికిన స్కీ వయసు 5,000 ఏళ్లకు పైమాటే. అంత కాలంలోనూ దీన్ని నేర్పడానికి బడి అవసరమని ఎవరికీ తోచలేదు, తండ్రి వెంట అడవికి వెళ్లిన పిల్లవాడికి విడిగా పాఠం అక్కర్లేదు. నార్వేలోని టెలిమార్క్ ప్రాంతానికి చెందిన సోండ్రె నోర్‌హైమ్ (1825–1897) కాలి వేళ్ల దగ్గర మాత్రమే ఉండే కట్టును మడమ చుట్టూ కూడా వేసి, జారుతూనే మలుపు తిరగడానికి వీలు కల్పించిన తరువాత స్కీ ఆటవస్తువుగా మారింది. 1888లో ఫ్రిట్యోఫ్ నాన్సెన్ స్కీల మీద గ్రీన్‌లాండ్‌ను దాటి, ఆ యాత్రను పుస్తకంగా రాయడంతో ఆల్ప్స్ పర్వతదేశాల వారికి దీని మీద మోజు పుట్టింది.

చిక్కు అక్కడే వచ్చింది. నార్వే కొండలు చాలావరకు గుండ్రంగా, సాగినట్టు ఉంటాయి కాబట్టి అక్కడి పద్ధతి ఆల్ప్స్ నిటారు వాలు మీద సాగలేదు. ఆస్ట్రియాలోని లిలియన్‌ఫెల్డ్‌లో స్థిరపడిన మథియాస్ జ్‌దార్‌స్కీ పొట్టి స్కీలనూ ఒకే ఒక పొడవాటి కర్రనూ వాడి, నిటారు వాలు మీద వేగాన్ని అదుపులో పెట్టే విధానాన్ని రూపొందించి, 1890ల చివర దాని మీద పుస్తకం వెలువరించాడు. రుసుము లేకుండా గుంపులు గుంపులుగా జనానికి నేర్పాడు. 1905 మార్చి 19న మకెన్‌కోగెల్ కొండ మీద 85 ద్వారాల గుండా మలుపులు తిరిగే పోటీని నడిపినవాడు కూడా ఇతడే. అతడి ప్రత్యర్థి గియోర్గ్ బిల్‌గెరి ఆస్ట్రియా సైన్యంలో అధికారి. రెండు కర్రల పద్ధతిని సైనికులకు అలవాటు చేశాడు. వీరిద్దరి అనుచరుల మధ్య నడిచిన వాగ్యుద్ధం ఈనాటి పాఠకుడికి ఏమంత ఆసక్తి కలిగించదు గాని, ఒక సంగతి మాత్రం గమనించదగినది: కొండను ఎన్నడూ చూడని మనిషికి తక్కువ రోజుల్లో జారడం నేర్పవలసిన అవసరం మొదట బలంగా పడింది సైన్యానికే. వరుస, ఆజ్ఞ, మెట్టు మెట్టుగా సాధన అనేవన్నీ కవాతు మైదానపు సరుకే.

ఆ సరుకును హోటల్‌కు తెచ్చినవాడు హానెస్ ష్నైడర్. ఆస్ట్రియాలోని ఆర్ల్‌బెర్గ్ కనుమ దగ్గరి ష్టూబెన్ అనే చిన్న గ్రామంలో 1890లో పుట్టి, 1907లో సాంక్ట్ ఆంటోన్‌లోని హోటల్ పోస్ట్‌లో అతిథులకు స్కీ నేర్పే పనిలో చేరాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో పర్వత దళాలకు శిక్షణ ఇచ్చి, తిరిగి వచ్చాక 1920ల మొదట్లో తన బడిని స్థాపించాడు. ఆర్ల్‌బెర్గ్ రైలు సొరంగం 1884లోనే తెరుచుకుని ఉండడం వల్ల నగరవాసులకు ఆ ఊరు అందుబాటులోకి వచ్చింది. ష్నైడర్ పద్ధతిలో మొదటి మెట్టు మంచు నాగలి: స్కీల ముందు కొనలను దగ్గరకు చేర్చి, వెనుక కొనలను ఎడంగా తోసి, లోపలి అంచులతో మంచును గీరుతూ వేగం తగ్గించడం. రెండో మెట్టులో ఒక స్కీని మాత్రమే అలా వెలుపలికి తోసి, బరువును దాని మీదకు మార్చి మలుపు తిరగాలి. మూడో మెట్టులో మలుపు సగంలో రెండో స్కీని పక్కకు చేర్చి రెంటినీ సమాంతరంగా జార్చి ముగించాలి. ఒక మెట్టు పూర్తిగా పట్టుబడనిదే తరువాతి మెట్టు చెప్పకూడదనేది అక్కడి నియమం.

బడి నడిచే తీరు కూడా ఇంచుమించు అప్పుడే స్థిరపడింది. ఊడ్పుల వేళ మడిలో బారుతీరిన కూలీల మాదిరిగా విద్యార్థులు వాలుకు అడ్డంగా పక్కపక్కన నిలబడతారు. స్కీలు వాలు వెంబడి తిరిగితే నిలిచినచోటనే జారిపోవడం మొదలవుతుంది కాబట్టి అడ్డంగా నిలబడడమే మొదటి పాఠం. గురువు ముందుగా పది పదిహేను గజాలు జారి చూపి, కింద ఆగి, ఒక్కొక్కరినే పిలుస్తాడు. పడినవాడు స్కీలను వాలుకు అడ్డంగా, తనకంటే దిగువకు తెచ్చుకుని లేవాలి. స్కీలు తనకంటే పైన ఉండగా లేవబోతే మళ్లీ పడతాడు. మిగిలినవారు చూస్తూ నిలబడడం వృథా అనిపించవచ్చు గాని, పక్కవాడి తప్పును కళ్లారా చూసి దిద్దుకోవడమే గుంపు పాఠానికి అసలు బలం. ఏకాంత పాఠంలో ఆ అవకాశం ఉండదు. గురువులందరూ ఒకే క్రమాన్ని పాటించడం వల్ల ఈ ఏడాది రెండో మెట్టులో ఆగిన అతిథి వచ్చే ఏడాది వేరే గురువు దగ్గర మూడో మెట్టు అందుకోగలిగాడు. హోటల్ యజమానులకు ఇంతకంటే కావలసింది ఏముంటుంది? వారం అనే కొలత పర్వతశాస్త్రంలోది కాదు, ఉద్యోగస్థుల సెలవులోది.

మద్రాసు ప్రస్తావన ఇక్కడే. ఇంగ్లండుకు చెందిన మెథడిస్ట్ వైద్య మిషనరీ హెన్రీ లన్ 1887లో మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చి, ఏడాది తిరగక ముందే స్వదేశానికి వెళ్లిపోయాడు. అతడి కుమారుడు ఆర్నల్డ్ లన్ 1888 ఏప్రిల్ 18న మద్రాసులోనే పుట్టాడు. తండ్రి తరువాతి కాలంలో మతప్రచారం వదిలి పర్యాటక వ్యాపారంలో దిగి, ఇంగ్లీషు కుటుంబాలను శీతకాలంలో స్విట్జర్లండ్ హోటళ్లకు తీసుకువెళ్లేవాడు. కుమారుడు 1922లో అక్కడి మ్యూరెన్‌లో నేటి స్లాలమ్ పోటీకి రూపమిచ్చాడు. స్లాలమ్ అంటే జెండాల మధ్య మలుపులు తిరుగుతూ దిగే పందెం. దిగువకు జారే తొలి పందేల్లో ఒకటైన 1911 నాటి పోటీ కప్పుకు లార్డ్ రాబర్ట్స్ ఆఫ్ కాందహార్ పేరు పెట్టారు. 1880లో కాబూల్ నుంచి కాందహార్‌కు సేనను నడిపిన ఆ సేనాని 1881 నుంచి 1885 వరకు మద్రాసు సైన్యానికి అధిపతి. ఆర్నల్డ్ లన్, ష్నైడర్ కలిసి 1928లో సాంక్ట్ ఆంటోన్‌లో ప్రారంభించిన ఆర్ల్‌బెర్గ్–కాందహార్ పందెం పేరులో ఆఫ్ఘన్ యుద్ధం అలా మంచుమీదకు చేరింది. తీరాంధ్రలోని సాధారణ రైతుకు ఇవేవీ తెలియవు; అయినా సామ్రాజ్యం అనే వల ఎంత దూరాలను ఒకచోట ముడివేసిందో ఈ పేర్లు చెబుతాయి.

1938లో నాజీలు ఆస్ట్రియాను ఆక్రమించుకున్న వెంటనే, వారికి ఎదురుతిరిగిన ష్నైడర్‌ను నిర్బంధించారు. 1939లో బ్యాంకర్ హార్వే గిబ్సన్ చొరవతో అతడు అమెరికాలోని న్యూ హాంప్‌షైర్‌కు చేరి, నార్త్ కాన్వేలో మళ్లీ బడి నడిపాడు. యూరప్ నుంచి వలసవచ్చినవారు ఇలా అమెరికా పర్వతాల్లో నాటిన బడుల్లో విశేషంగా చెప్పదగినది న్యూ మెక్సికోలోని టావోస్ స్కీ వ్యాలీ. జర్మనీలో పుట్టి స్విట్జర్లండ్‌లో పెరిగిన ఎర్నీ బ్లేక్ చిన్న విమానంలో తిరుగుతూ ఆ లోయను ఎంచుకుని 1955లో రిసార్టును స్థాపించాడు. అక్కడి శిఖరం కచీనా సుమారు 3,800 మీటర్ల ఎత్తు. వాహనం దిగగానే ఎదురుగా కనిపించేది ఆల్స్ రన్ అనే నిటారు వాలు. గుండెపోటు తరువాత కూడా ఆక్సిజన్ సిలిండర్ వీపున కట్టుకుని ఆ వాలు మీద దిగిన స్థానిక వైద్యుడు ఆల్ రోజెన్ పేరే దానికి స్థిరపడింది. వచ్చినవారు దాన్ని చూసి వెనుదిరగకుండా, మీరు చూస్తున్నది కొండలో ముప్పయ్యో వంతేననీ, సులువైన దారులు కూడా ఉన్నాయనీ ధైర్యం చెబుతూ యాజమాన్యం బోర్డు పెట్టవలసి వచ్చింది.

కొండ కష్టమైనది కావడమే టావోస్‌లో వారం బడికి ప్రాణం పోసింది. సులువైన కొండ మీద వచ్చినవాడు ఒక పూట పాఠం విని తన దారిన తాను పోతాడు; ఇక్కడ అలా పోయినవాడు తిరిగి రావడం కష్టం. అందుచేత హోటల్ గది, భోజనం, ఉదయపు పాఠం ఒకే మొత్తంలో కలిపి, వారం పొడవునా అదే గుంపును అదే గురువు చేతిలో పెట్టే ఏర్పాటు అక్కడ పాతుకుంది; ఫ్రాన్స్ నుంచి 1957లో వచ్చిన జాన్ మేయర్ తన హోటల్ సెయింట్ బెర్నార్డ్ నుంచి దాన్ని దశాబ్దాల పాటు నడిపాడు. తొలి ఉదయం ప్రతి ఒక్కరూ నాలుగైదు మలుపులు తిరిగి చూపితే, కింద నిలబడిన గురువులు చూసి వారిని తరగతులుగా విడదీస్తారు. తన గురించి గొప్పగా ఊహించుకున్నవారికి ఆ పూట కొంత చేదుగా ఉంటుందని వేరే చెప్పనక్కర్లేదు.

భారతదేశంలో క్రమం వేరుగా సాగింది. బ్రిటిష్ సైనికాధికారులు 1927లో కశ్మీర్‌లోని గుల్మార్గ్‌లో స్కీ క్లబ్ ఆఫ్ ఇండియాను పెట్టారు గాని, అది దొరల వినోదం. అసలు బడి 1948 డిసెంబరులో, కశ్మీర్ యుద్ధం నడుస్తుండగా, జనరల్ తిమ్మయ్య చొరవతో 19వ పదాతి డివిజన్ స్కీ పాఠశాలగా మొదలై, తరువాత హై ఆల్టిట్యూడ్ వార్‌ఫేర్ స్కూల్ అయింది. 1960లో కేంద్ర పర్యాటక శాఖ స్కీ కేంద్రానికి తగిన చోటు చూడమని ఆస్ట్రియా నుంచి రుడాల్ఫ్ మాట్‌ను పిలిచింది. అతడు ష్నైడర్ ఊరైన సాంక్ట్ ఆంటోన్ మనిషి, 1936 ప్రపంచ స్లాలమ్ విజేత. అతడు ఎంపిక చేసిన గుల్మార్గ్‌లో 1968లో పౌరులకూ గురువులకూ శిక్షణ ఇచ్చే ప్రభుత్వ సంస్థ ఏర్పడింది. 1961లో మనాలీలో స్థాపించిన పర్వతారోహణ సంస్థ కూడా శీతకాలంలో సోలాంగ్ వాలుల మీద ఇంచుమించు రెండు వారాల స్కీ కోర్సులు నడుపుతుంది. ఆస్ట్రియాలో కవాతు నుంచి హోటల్‌కు వెళ్లిన పాఠం ఇక్కడ చాలాకాలం కవాతులోనే ఉండిపోయింది: సంస్థ ఇచ్చిన పరికరాలు, ఉమ్మడి వసతి, వేకువ వ్యాయామం, చివర పరీక్ష. ఖర్చు తక్కువ కావడం దీని గొప్ప గుణం. గుల్మార్గ్ గండోలా, అంటే తీగ మీద నడిచే డబ్బాల రవాణా, రెండో దశ 2005లో అఫర్వత్ పర్వతం మీద సుమారు 3,900 మీటర్ల దాకా చేరాక విదేశీయులు అక్కడి లోతైన మంచు కోసం రాసాగారు. ఆ పై వాలుల్లో హిమపాత ప్రమాదం ఉంది కాబట్టి ప్రాథమిక తరగతులు కిందనే సాగుతాయి.

తెలుగువారికి ఈ బడి రెండు దారుల్లో అందింది. ఒకటి ప్రభుత్వ దారి: సికింద్రాబాద్ కేంద్రంగా ఉన్న ఎన్‌సీసీ డైరెక్టరేట్ పరిధిలోని కళాశాల విద్యార్థులు హిమాలయాల్లోని శిక్షణ శిబిరాలకు ఎంపికవుతూ వచ్చారు. ఈ దారిలో ఎక్కువ పేరు తెచ్చింది స్కీ కాదు, పర్వతారోహణ. సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలకు భువనగిరి ఏకశిల మీద రాతి ఎక్కుడు నేర్పి, వారిలో కొందరిని డార్జిలింగ్‌కూ లదాఖ్‌కూ పంపగా, చివరకు మిగిలిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్ట్ చేరారు. గుంపుగా మొదలైన ఆ శిక్షణ మెట్టు మెట్టుకూ కొందరిని తీసివేస్తూ పోయింది. స్కీ వారం బడి మాత్రం ఎవరినీ తీసివేయదు, కింది తరగతికి మారుస్తుంది. రెండోది వలస దారి: అమెరికాలో స్థిరపడిన కోస్తా కుటుంబాల పిల్లలు బడి స్నేహితులతో కలిసి స్కీ నేర్చుకుంటుంటే, తల్లిదండ్రులు పక్క వాలు మీద తొలి తరగతిలో నిలబడడం ఇప్పుడు వింతేమీ కాదు. అయితే వారిలో ఎక్కువమంది తీసుకునేది ఒక పూట పాఠమే. ఏడాది సెలవులన్నీ కూడబెట్టి ఊరికి వచ్చి వెళ్లవలసిన ఉద్యోగికి, పెళ్లిళ్లూ పెద్దల ఆరోగ్యమూ చూసుకున్న తరువాత, మంచుకొండకు ఇవ్వడానికి పూర్తి వారం మిగలదు.