మిథ్యాగర్భం (ఆడకుక్కల్లో)

చూలు కట్టని ఆడకుక్క చూలుతో ఉన్నట్టు, ఈనినట్టు ప్రవర్తించే స్థితి మిథ్యాగర్భం. ఇది సాధారణంగా ఎద ముగిసిన 6–8 వారాలకు, కొన్నిటిలో మొదటి ఎద తర్వాతే కనిపిస్తుంది.

మగకుక్కతో కలవకపోయినా, ఎద తర్వాత అండాశయాలు సుమారు రెండు నెలలు ప్రొజెస్టిరాన్‌ను స్రవిస్తాయి. అది తగ్గి ప్రొలాక్టిన్ పెరిగినప్పుడు చన్నులు ఉబ్బి పాలు దిగుతాయి. తోడేళ్ల గుంపులో ఈనని ఆడవి కూడా పిల్లలను సాకేందుకు ఈ గుణం ఉపకరించి ఉంటుందని ఒక ప్రతిపాదన.

ఇది ఇళ్లలో పెరిగే మేలుజాతులకే పరిమితం కాదు. అనంతపురం జిల్లా విడపనకల్లు వంటి మెట్ట ప్రాంతాల్లో గొర్రెల మందను కాచే కుక్కకూ రావచ్చు. అది గోనెసంచిని గోకి పడక చేసుకుంటుంది, పాత చెప్పును పొట్టకింద దాచుకుని దగ్గరికి వచ్చినవారిపై గుర్రుమంటుంది, తిండి తగ్గిస్తుంది.

ఎక్కువ కేసుల్లో 2–3 వారాల్లో దానంతటదే తగ్గుతుంది. పాలు పిండడం, చన్నులకు కాపడం పెట్టడం, కుక్క నాకడం పాలను మరింత పెంచుతాయి. పాలు ఇంకుతాయని నీళ్లు కట్టడి చేయడం హానికరం, మెట్ట ప్రాంతాల ఎండల్లో ప్రాణాంతకం కూడా. సాకుతున్న వస్తువులను తీసేసి, నడక పెంచడం మేలు.

తీవ్రమైతే పశువైద్యులు కేబర్గోలిన్‌ను కిలో బరువుకు రోజుకు 5 మైక్రోగ్రాముల చొప్పున 5–7 రోజులు ఇస్తారు. నిజమైన చూలైతే ఈ మందు గర్భస్రావం చేయగలదు కనుక ముందు స్కానింగ్ అవసరం. లక్షణాలుండగా అండాశయాలు తొలగిస్తే స్థితి నెలల తరబడి కొనసాగవచ్చు; పూర్తిగా తగ్గాక చేసే శస్త్రచికిత్సే శాశ్వత నివారణ. ఇదే కాలంలో దాహం పెరగడం, నీరసం, చీము కారడం గర్భాశయంలో చీముకు సూచన. దానికి అత్యవసర చికిత్స కావాలి.