భువనగిరి కొండ
యాదాద్రి భువనగిరి జిల్లాలో, వరంగల్ రహదారి పక్కన కోడిగుడ్డు ఆకారంలో నిలిచిన ఏకశిల. ఎత్తు సుమారు 500 అడుగులు. హైదరాబాద్‌లోని దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ వాసులు ఉప్పల్, ఘట్‌కేసర్ మీదుగా వస్తారు. ఎక్కడానికి పొద్దున్నే మేలు. ఎండ ముదిరితే రాయి కాలుతుంది.

కొండలన్నీ ఒకేలా పుట్టవు: ఆస్ట్రేలియాలోని వొలంబిన్ కొండ సుమారు 2.3 కోట్ల ఏళ్ల నాటి అగ్నిపర్వత శేషం. భువనగిరిది గ్రానైట్: శిలాద్రవం భూగర్భంలోనే నెమ్మదిగా గట్టిపడింది, పైపొరలు కోసుకుపోయాక బయటపడింది. వయసులో వొలంబిన్ దీని ముందు పసిబిడ్డే.

భువనగిరి కొండ మీది కోటను పశ్చిమ చాళుక్య రాజు త్రిభువనమల్ల ఆరవ విక్రమాదిత్యుడు (పాలన 1076–1126) కట్టించాడని ప్రతీతి. కింద రాతి మెట్లు, పైకి పోయేకొద్దీ నున్నటి బండ, పట్టుకోడానికి ఇనుప కమ్మీలు; శిఖరాన వాననీటి గుంటలు, శిథిల మహలు. 2014లో 13 ఏళ్లకే ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ తొలి శిక్షణ ఈ బండల మీదే.